కంప్యూటరులోని అటక

తెలుగునాటి పాత యిండ్లలో వంటయింటిమీదనో నడవమీదనో చెక్కలతో కట్టిన అటక యొకటి యుండెడిది. ఇంటివారు నిత్యము వాడని వస్తువులను దానిమీదికి ఎక్కించెడివారు. చిమ్నీ పగిలిన లాంతరు, కోళ్లు విఱిగిన మంచము, బిడ్డలు పెరిగిన పిమ్మట పనిలేని ఉయ్యెల తొట్టి మొదలగునవన్నియు అక్కడనే చేరెడివి. వాటి ప్రక్కనే, పెండ్లికో గృహప్రవేశమునకో మాత్రము క్రిందికి దింపెడి యిత్తడి గంగాళమును గుండిగలును ఉండెడివి. సంవత్సరములో మూడువందల అరువది దినములు గంగాళమునకు పనిలేదు. అయినను దానిని పాతసామానులవానికి అమ్మివేయుటకు ఏ గృహిణియు ఒప్పుకొనెడిది కాదు. విఱిగిన మంచమునకును గంగాళమునకును దుమ్ము సమానముగనే పట్టును. ఏది పనికిరానిదో, ఏది పనిలేక కూర్చున్నదో దుమ్మునుబట్టి తెలియదు. ఇంటి సంగతి తెలిసినవారికే తెలియును.

నేటి యిండ్లలోను, పాఠశాలలలోను గల పర్సనల్ కంప్యూటరునకు కూడ ఇట్టి అటక గలదు. దానికి డిస్కు అని పేరు. కంప్యూటరు తనంతట తాను ఏ పనియు నెఱుగదు. లెక్క కట్టుటకు గాని, ఉత్తరము వ్రాయుటకు గాని, బొమ్మ గీయుటకు గాని దానికి వరుసగా ఆజ్ఞలు వ్రాసి యీయవలెను. అట్టి ఆజ్ఞల సముదాయమే ప్రోగ్రాము. ప్రోగ్రాములన్నిటికి కలిపి సాఫ్ట్‌వేరు అని వ్యవహారము. యంత్రమును ఆపివేసినను చెడకుండ ఈ ప్రోగ్రాములును, యజమాని వ్రాసికొన్న వ్రాతలును డిస్కుమీద నిలిచియుండును.

ఈ అటక మొదట చాల చిన్నది. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ ‘రామాక్’ అను యంత్రముతోపాటు మొట్టమొదటి హార్డు డిస్కును అమ్మకమునకు పెట్టెను. రెండడుగుల వ్యాసముగల పళ్లెములు 50 అందులో ఒకదానిపై నొకటి తిరుగుచుండెడివి. టన్ను బరువుగల ఆ పరికరములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. 1983లో ఆ సంస్థయే బల్లమీద పెట్టుకొనదగిన కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కును అమర్చెను. మెగాబైటనగా సుమారు పదిలక్షల ఇంగ్లీషు అక్షరములు పట్టు చోటు. (నేడు వాడుకలోనున్న పద్ధతిలో తెలుగు వ్రాతయందలి ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు కావలెను గనుక, తెలుగు వ్రాత అందులో మూడవవంతు మాత్రమే పట్టును.) 1995 ఆగస్టులో వెలువడిన విండోస్ 95కు ఇంచుమించుగ 50 మెగాబైట్ల చోటు సరిపోయెను. 2021లో వచ్చిన విండోస్ 11 తనకు కనీసము 64 గిగాబైట్ల డిస్కు ఉండవలెనని కోరెను. గిగాబైటు వేయి మెగాబైట్లకు సమానమగుటచే, పాతికేండ్లలో కోరిక వేయిరెట్లకు మించినది. ‘పాస్కల్’ అను కంప్యూటరు భాషను సృష్టించిన స్విట్జర్లాండు పండితుడు నిక్లాస్ విర్త్ 1995లోనే ఈ సంగతిని గూర్చి యొక వ్యాసము వ్రాసి, యంత్రములు వేగమును సంపాదించుటకంటె త్వరగా ప్రోగ్రాములు నెమ్మదిని సంపాదించుచున్నవని మందలించెను. చోటు పెరిగినకొలది పొదుపు తగ్గుట ఒక్క కంప్యూటరునకే చెల్లిన గుణము కాదు.

పనిలేని ప్రోగ్రాములు అందులోనికి ఎట్లు వచ్చును? కొన్ని యంత్రముతోపాటే వచ్చును. ఇతర సంస్థలు కంప్యూటరు తయారుచేయు సంస్థకు సొమ్ము చెల్లించి, తమ ప్రోగ్రాములను ముందుగనే అందులో పెట్టించును. కొన్నాళ్లు ఉచితముగ పనిచేసి, గడువు తీరగనే వెల యడుగునవి యిట్టివే. మఱికొన్ని వేరొక ప్రోగ్రాము వెంట వచ్చును. ఉచితముగ లభించు ప్రోగ్రామును ఎక్కించుకొనునపుడు తెరమీద చిన్న గడిలో ముందే టిక్కు పెట్టియుండును. చదువక ‘నెక్స్ట్’ అను మీటను నొక్కుచు పోవువాడు ఒకటి కోరి మూడింటిని తెచ్చుకొనును. మిగిలినవి యజమాని కోరి తెచ్చుకొన్నవే. ప్రింటరుతో వచ్చిన ప్రోగ్రాము, ప్రింటరు పాతయినుములోనికి పోయిన పిమ్మటను డిస్కులో నిలిచియుండును. అక్క పెండ్లి శుభలేఖ కొఱకు ఎక్కించిన బొమ్మల ప్రోగ్రాము, ఆమె బిడ్డలు బడికి పోవు నాటికిని అచ్చటనే యుండును.

వీని వలన నష్టమేమి యని యడిగినచో, కంప్యూటరు నెమ్మదించునని చాలమంది చెప్పుదురు. ఆ మాట సగమే నిజము. డిస్కు వేరు, ర్యామ్ అను మెమరీ వేరు. డిస్కు ధాన్యపు కొట్టువంటిది. ర్యామ్ పొయ్యిగట్టు వంటిది. పని జరుగునది పొయ్యిగట్టుమీద. కొట్టులో పది బస్తాలు ఎక్కువగ నున్నంతమాత్రమున పొయ్యిమీది యన్నము ఆలస్యముగ ఉడుకదు. కాని కొన్ని ప్రోగ్రాములు పిలువకయే వచ్చి పొయ్యిగట్టుమీద కూర్చుండును. కంప్యూటరును తెరచినంతనే తామును మేల్కొనునట్లు అవి తమకు తామే ఏర్పాటు చేసికొనును. తెరమీద కనబడకున్నను, తమ సంస్థ క్రొత్త రూపమేదైన విడుదల చేసినదేమో యని ఇంటర్నెట్టులో ఆరా తీయుచుండును. నెమ్మదికి కారణము ఇట్టివే.

డిస్కు పూర్తిగ నిండిన నాడు చిక్కు మఱియొక దారిని వచ్చును. ర్యామ్ చాలనపుడు కంప్యూటరు డిస్కులో కొంతచోటును అప్పుగ వాడుకొనును. ఖాళీ లేనిచో ఆ యప్పు పుట్టదు. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. ప్రోగ్రాములలో లోపములు బయటపడినపుడు వానిని సవరించు ‘అప్‌డేట్లు’ ఇంటర్నెట్టు ద్వారా వచ్చును. అవి దిగుటకును, పాతవాని స్థానమున కూర్చుండుటకును చోటు కావలెను. చవకగ దొరకునని 32 గిగాబైట్ల చోటు మాత్రమే గల చిన్న ల్యాప్‌టాపులను కొన్నవారు, విండోస్ సవరణలు పట్టక చాల యిబ్బంది పడిరి. 2019లో మైక్రోసాఫ్టు సంస్థ క్రొత్త యంత్రములలో సుమారు 7 గిగాబైట్లను సవరణల కొఱకే ముందుగ ప్రత్యేకించి యుంచు నేర్పాటు చేసెను. సవరణలు రాని కంప్యూటరు గొళ్లెము విఱిగిన తలుపు వంటిది.

గొళ్లెము విఱిగిన తలుపులో దొంగ ప్రవేశించినపుడు ఏమి జరుగునో లోకమంతయు 2017 మే 12వ తేదీ శుక్రవారమునాడు చూచెను. ఆనాడు ‘వన్నాక్రై’ అను దుష్టప్రోగ్రాము బయలుదేరి, కొలది దినములలో 150కి పైగా దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టెను. అది చొచ్చిన కంప్యూటరులోని ఫైళ్లు చదువరాని గుర్తులుగ మారిపోయెను. మూడువందల డాలర్లు చెల్లించిననేగాని వానిని విడువనని తెరమీద వ్రాత కనబడెను. బ్రిటనులోని ప్రభుత్వ వైద్యశాలలలో రోగుల వివరములు తెరచుకొనక, 19,000కు పైగా చికిత్సలును వైద్యుల దర్శనములును రద్దయి యుండునని అంచనా కట్టబడెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దీని వాతబడెను.

ఆ దొంగ వచ్చిన దారి గమనింపదగినది. ఒక కంప్యూటరులోని ఫైలును ప్రక్క కంప్యూటరునకు అందించుటకు ఎస్.ఎం.బి. అను పద్ధతి గలదు. దాని మొదటి రూపము 1980 దశకములో పుట్టినది. దానికంటె మేలైన రెండవ రూపము 2007 నాటికే విండోస్‌లో చేరినది. అటుపిమ్మట చాల యిండ్లలో మొదటి రూపమునకు పనిలేకపోయెను. అయినను, ఎవరికైన పాత యంత్రముతో పనిపడునేమో యని దానిని తొలగింపక తెరచియే యుంచిరి. దానిని మానుడని మైక్రోసాఫ్టు ఇంజనీర్లు 2016లోనే కోరిరి. అందులో బయటపడిన లోపమునకు 2017 మార్చిలో సవరణయు విడుదల చేసిరి. సవరణ వేసికొన్నవారు సురక్షితులైరి. ఆ పాత పద్ధతిని మూసివేసినవారును సురక్షితులైరి. రెండును చేయనివారి యింట దొంగ చొరబడెను. తమ కంప్యూటరులో అట్టి తలుపు గలదని వారిలో పెక్కురకు తెలియనే తెలియదు. ఆ యేడు అక్టోబరులో వెలువడిన విండోస్ 10 క్రొత్త రూపమునుండి ఆ పాత పద్ధతి సామాన్యముగ రాకుండ చేసిరి. అది మిగిలియున్నచోటను, కంప్యూటరు నడచిన పదునైదు దినములలో ఒక్కమారైనను ఎవరును వాడనియెడల తనంతట తానే తొలగిపోవునట్లు ఏర్పఱచిరి.

ఒకప్పుడు ఇంటర్నెట్టులో బొమ్మలాడించుటకు ప్రతి కంప్యూటరులోను నుండిన ‘ఫ్లాష్ ప్లేయరు’ కథయు ఇట్టిదే. 2020 డిసెంబరు 31తో దానికి సవరణలిచ్చుట మానివేసెదమని తయారుచేసిన అడోబి సంస్థ మూడేండ్లు ముందుగ 2017లోనే ప్రకటించెను. కాలము తీరిన పిమ్మట దానిని తొలగించుకొనుడని ఆ సంస్థయే వాడుకరులను కోరెను. తన సరకును పాఱవేయుడని అంగడివాడే చెప్పుట అరుదు.

ఇదంతయు వినినవాడు తన కంప్యూటరును తెరచి, పేరు తెలియని ప్రతి ఫైలును తుడిచివేయుటకు తొందరపడును. అట్టివాడు ఎలుగుబంటి కథ వినవలెను. 2002లో దేశదేశముల వారికి ఒక ఈమెయిలు అందెను. మీ కంప్యూటరులో ‘జె.డి.బి.జి.ఎం.జి.ఆర్.’ అను పేరుగల ఫైలు ఉన్నదేమో వెదకుడు; దానిమీద చిన్న ఎలుగుబంటి బొమ్మ యుండును; అది వైరస్సు; ఏ నిరోధక ప్రోగ్రామునకును చిక్కదు; వెంటనే తుడిచివేసి మీ మిత్రులందఱకు ఈ సంగతి తెలుపుడు అని దాని సారాంశము. జనులు వెదకిరి. ఎలుగుబంటి నిజముగనే యుండెను! ఎంత నిగూఢముగ దాగినదో యని భయపడి తుడిచివేసిరి. మిత్రులకు ఉత్తరములు పంపిరి. నిజమునకు అది విండోస్‌తోపాటు వచ్చిన ఫైలే. జావా భాషలో ప్రోగ్రాములు వ్రాయువారు తమ తప్పులను వెదకికొనుటకు పనికివచ్చునది. అంతకు ముందేడు, అనగా 2001లో, పొడుగైన ఫైలు పేర్లను కాపాడు మఱియొక విండోస్ ఫైలును గూర్చి ఇట్టి పుకారే పుట్టెను. అదృష్టవశమున ఈ రెండు ఫైళ్లు పోయినను సామాన్యులకు పెద్ద నష్టము కలుగలేదు. కాని ఏ దుష్టప్రోగ్రాము సాయమును లేకయే, ఒక్క ఉత్తరము యజమానులచేతనే వారి సరకును పాఱవేయించినది. బొమ్మను చూచిరే గాని, అది యేమి పని చేయునని యడిగినవారు తక్కువ.

ప్రోగ్రామును తొలగించుట ఫోల్డరును తుడిచివేయుటయే యని భావించుటయు పొరపాటు. ప్రోగ్రామును ఎక్కించునపుడు దాని సామగ్రి ఒక్కచోటనే యుండదు. కొంత దాని సొంత ఫోల్డరులోను, కొంత విండోస్ ఫోల్డరులోను చేరును. ఏది యెచట నున్నదో తెలుపు వివరములు ‘రిజిస్ట్రీ’ అను పద్దుల పుస్తకములోనికి ఎక్కును. వీనిలో డి.ఎల్.ఎల్. అను ఫైళ్లు పెక్కు ప్రోగ్రాములకు ఉమ్మడి సొత్తు. నాలుగిండ్ల నడుమ ఒక బావి యున్నదనుకొనుడు. అందులో ఒక కుటుంబము ఊరు విడిచిపోవునపుడు, ఇది మాది గదా యని బావిని పూడ్చినచో మిగిలిన మూడిండ్లకు నీరెక్కడిది? అందుచేత, ఒక్కొక్క ఉమ్మడి ఫైలును ఎన్ని ప్రోగ్రాములు వాడుకొనుచున్నవో రిజిస్ట్రీలో లెక్క యుంచుదురు. ఒక ప్రోగ్రాము పోయినపుడు ఆ లెక్కలో ఒకటి తగ్గును. సున్న అయిననే ఫైలును తీసివేయవచ్చును. నియమము చక్కనిదే గాని, 1990 దశకములో ప్రోగ్రాములు వ్రాసినవారందఱు దానిని పాటింపలేదు. పోవువారు బావులు పూడ్చిరి. క్రొత్తగ వచ్చువారు మంచి బావిని తీసి తమ పాతబావిని పెట్టిరి. ఆ చిక్కులు పడలేక వృత్తిలోనివారు దానికి ‘డి.ఎల్.ఎల్. నరకము’ అని పేరు పెట్టుకొనిరి. విండోస్ 2000 నుండి ముఖ్యమైన తన ఫైలును ఎవరైన తుడిచివేసినచో, దాచియుంచిన ప్రతినుండి దానిని తిరిగి నిలుపుకొను శక్తి ఆ వ్యవస్థకు కలిగెను.

విండోస్ 95 నాటినుండియు ప్రోగ్రాములను తొలగించుటకు ప్రత్యేకమైన స్థలము విండోస్‌లోనే యున్నది. నేటి విండోస్ 11లో ‘సెట్టింగ్స్’ అనుదానిని తెరచి ‘యాప్స్’ అనుచోట చూచినచో, ఎక్కించిన ప్రోగ్రాముల పట్టిక కనబడును. ప్రోగ్రామును అక్కడినుండి తొలగించుటయే మర్యాద గల పద్ధతి. ఇట్లు తొలగించినను కొన్ని తునుకలు మిగులును. ఒకటి రెండు ఖాళీ ఫోల్డర్లును, రిజిస్ట్రీలో నాలుగు పంక్తులును మిగిలినంత మాత్రమున విచారింప పనిలేదు. కాని మిగిలినదే అపాయమైన సందర్భమొకటి చరిత్రలో గలదు. 2014 చివరను 2015 మొదటను లెనోవో సంస్థ అమ్మిన కొన్ని ల్యాప్‌టాపులలో ‘సూపర్‌ఫిష్’ అను ప్రకటనల ప్రోగ్రాము ముందుగనే పెట్టబడియుండెను. బ్యాంకు మొదలగువాని స్థలములు తెరచునపుడు, అవి నిజమైనవే యని చెప్పు ముద్రలను కంప్యూటరు పరీక్షించును. సూపర్‌ఫిష్ తన సొంత ముద్రను నమ్మదగిన ముద్రల జాబితాలో చేర్చుకొనెను. ఆ ముద్రకు తాళపుచెవి అన్ని ల్యాప్‌టాపులలోను ఒక్కటే. దానిని సంపాదించిన మోసగాడు తన దొంగస్థలమును బ్యాంకుగ చూపవచ్చును. 2015 ఫిబ్రవరిలో ఈ సంగతి బయటపడగనే ప్రోగ్రామును తొలగించినవారికి కూడ నిశ్చింత కలుగలేదు. ప్రోగ్రాము పోయినను ముద్ర జాబితాలో నిలిచియుండెను. దానిని తీసివేయుటకు లెనోవోయు మైక్రోసాఫ్టును వేరుగ సాధనములు విడుదల చేయవలసి వచ్చెను.

మిగిలిన తునుకలన్నిటిని మేము ఊడ్చెదమని చెప్పు ప్రోగ్రాములును పెక్కు గలవు. రిజిస్ట్రీని శుభ్రపఱచుటకు మైక్రోసాఫ్టు సంస్థయే 1990 దశకములో ‘రెజ్‌క్లీన్’ అను సాధనమునిచ్చి, పిమ్మట ఉపసంహరించుకొనెను. అట్టివానిని వాడుటను తాను సమర్థింపనని నేడు చెప్పుచున్నది. 2017లో మఱియొక వింత జరిగెను. ప్రసిద్ధమైన ‘సీక్లీనరు’ అను ఊడ్పు ప్రోగ్రామును తయారుచేయుచోటనే దొంగలు ప్రవేశించి, ఆగస్టులో వెలువడిన రూపములో తమ దుష్టప్రోగ్రామును కలిపిరి. బయటపడు నాటికి 22 లక్షలకు పైగా కంప్యూటర్లలో అది చేరియుండెను. చెత్త తీయుటకు పిలిచిన చీపురుతోనే చెత్త వచ్చినది. విండోస్‌లోనే యున్న సాధనములు సామాన్యుని యవసరమునకు చాలును.

తెలిసినవారు పట్టికలోని ప్రోగ్రాములను పరిమాణమునుబట్టి వరుస పెట్టి, మొదట పెద్దవానిని చూతురు. పేరు తెలియనిదానిని తొలగించుటకు ముందు అది యేమి పని చేయునో తెలిసికొందురు. ఒక్కొక్కదానిని తొలగించి, కంప్యూటరును ఆపి మరల తెరచి, తక్కిన పనులు సాగుచున్నవని చూచిన పిమ్మటనే రెండవదానిని ముట్టుకొందురు. పెక్కు సమయములలో చోటును మ్రింగినది ప్రోగ్రాములు కావనియు, ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరులో పేరుకొనిన సినిమాలును, ఒకే ఫోటోకు నాలుగేసి ప్రతులుననియు అప్పుడు బయటపడును.

తెలుగువారి కంప్యూటర్లలో గంగాళము వంటి ప్రోగ్రాము కూడ ఒకటి గలదు. లోకములోని లిపులన్నిటికి ఉమ్మడి గుర్తులు నిర్ణయించిన యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినను, విండోస్‌లో తెలుగు యూనికోడ్ వ్రాత 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ అను ఫాంటుతో వచ్చువఱకు సులభము కాలేదు. అంతకు పూర్వమును, తరువాత చాలకాలమును ముద్రణాలయములవారు ‘అను’ పేరుగల ఫాంట్లవంటి వానితో పని జరుపుకొనిరి. ఈ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరములకు గల గుర్తుల చోటనే తెలుగు అక్షరముల ఆకారములు పెట్టబడియుండును. ఫాంటు ఉన్నంతవఱకు తెలుగు కనబడును. ఫాంటును తొలగించిన మఱుక్షణమే అదే పుట ఇంగ్లీషు అక్షరములును, చుక్కలును, అర్థములేని గుర్తులునై పోవును. పదేండ్లుగ దానిని ఎవరును తెరవలేదు గదా యని తీసివేసినయెడల, తాతగారు వ్రాయించిన వంశచరిత్రయు, పాఠశాల స్వర్ణోత్సవ సంచికయు డిస్కులో ఉండియు చదువుటకు రావు. అట్టి కంప్యూటరులో మొదట పాత ఫైళ్లు ఎన్ని గలవో వెదకి చూడవలెను. వానిని యూనికోడ్‌లోనికి మార్చు ప్రోగ్రాములతో మార్చి, వేరొక డిస్కులో కూడ ఒక ప్రతి యుంచవలెను. మార్పులో ఒత్తులును వట్రసుడులును తారుమారగుట కలదు. కావున పాతప్రతిని ఒకరు పైకి చదువుచుండగా క్రొత్తప్రతిని మఱియొకరు సరిచూచి తప్పులు దిద్దవలెను. ఈ పని ముగిసిన పిమ్మట ఆ ఫాంట్ల ప్రోగ్రామును తొలగింపవచ్చును.